ఏటి ఇసకలో వెడల్పు చక్రాలు

ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి గోడౌను వెనక పన్నెండేళ్లుగా ఎండకు ఎండి, వానకు తడిసిన డీజిల్ అంబాసిడర్ కారును దేవేంద్ర లారీలో వేసుకుని తెచ్చిన రోజు ఏటావలపల్లిలో నవ్వని వాళ్లు లేరు. వెనక సీట్లో కోళ్లు పొదిగిన గుర్తులున్నాయి. డ్రైవరు కాళ్లు పెట్టే చోట తుప్పు తినేసి కింద నేల కనబడుతోంది. దేవేంద్రకు అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు. పెళ్లి కాలేదు. పెనుకొండ హైవే పక్కన లారీల షెడ్డులో మెకానిక్కు పని. పెండ్లాన్ని తెచ్చుకోమంటే దీన్ని తెచ్చుకున్నాడని టీ అంగడి దగ్గర నవ్వుకున్నారు.

దాసమ్మ ఒక్కతే నవ్వలేదు. "ఆడుకునే వయసులో వాణ్ని గొర్రెలెనక తోలితిమి. ఇప్పుడన్నా ఆడుకోనీండి" అంది.

దాసమ్మ దేవేంద్రకు అక్క, పదకొండేళ్లు పెద్ద. తల్లి పోయేనాటికి దేవేంద్రకు నాలుగేళ్లు. అప్పటి నుంచి అతనికి నీళ్లు పోసిందీ, సంగటి ముద్ద చేసి పెట్టిందీ ఆమే. పెళ్లయి పరిగి పక్కన ఒక పల్లెకు పోయింది గానీ ఆరేళ్లకే భర్త పాము కరిచి పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటికి వచ్చేసి నాయన గొర్రెల మందను తనే మేపింది. తమ్ముడు హిందూపురంలో డీజిల్ మెకానిక్కు చదువుతానంటే మందలో సగం అమ్మి పంపింది. నాయన కూడా పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే.

ఐదేళ్లపాటు తన ఆదివారాలన్నీ ఆ కారుకే పెట్టాడు దేవేంద్ర. కారు అడుగుకు కొత్త రేకు వేసి చుట్టూ వెల్డింగ్ చేశాడు. తలుపుల అంచులకు కొత్త రబ్బరు అంటించాడు. ఇంజను మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. చివరికి మీగడ రంగు కొట్టి, మడ్‌గార్డుల వంపుల్ని ఉప్పు కాగితంతో రుద్ది రుద్ది, ముఖం చూసుకునేటట్టు చేశాడు.

కారు నడక మొదలుపెట్టిన ఏడాదే రెండు దెబ్బలు తగిలాయి. పైన కర్ణాటకలో కురిసిన వానలకు జయమంగళి ఏరు పొంగి, ఊరికీ పరిగి రోడ్డుకూ మధ్య ఉన్న కాజ్‌వే కొట్టుకుపోయింది. నాలుగు నెలల తర్వాత దాసమ్మ కాళ్లు వాచాయి. హిందూపురంలో చూపిస్తే రెండు కిడ్నీలూ పనిచేయడం లేదన్నారు. మంగళవారం, శుక్రవారం డయాలసిస్‌కు రావాలి, వరసగా రెండు తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, మనిషి దక్కదు అన్నారు.

ఏటావలపల్లికి ఒక పక్క ఏరు, మిగతా మూడు పక్కలా గుట్టలు. ఏరు ఎండి ఉంటే అర మైలు ఇసక. అంబులెన్సు అవతలి గట్టు దాకానే వస్తుంది. హిందూపురంలో గది చూద్దామని నాలుగు వీధులు తిరిగాడు. జబ్బు మనిషి అనగానే రెండు ఇళ్లవాళ్లు కుదరదన్నారు. మూడో ఇంట్లో దిగిన పదో రోజుకు ఖాళీ చేయమన్నారు. ఆ తర్వాత అతను ఎవరినీ అడగలేదు. అడిగి కాదనిపించుకోవడం అతనికి చేతకాదు.

మొదటి వారాల్లో అక్కను వీపు మీద ఎక్కించుకుని ఇసక దాటించాడు. ఒక శుక్రవారం, ఇసక తోడిన గుంతలో కాలు పడి బోర్లా పడ్డాడు. సూదులు గుచ్చే చేయి కింద పడి దాసమ్మకు రక్తం ఆగకుండా కారింది. ఊళ్లో రైతు పోతులయ్య ట్రాక్టరు రెండు మూడు సార్లు వచ్చింది. ట్రాలీలో కూర్చుంటే ఆ కుదుపులకు ఆమె ఎముకలు విరిగినంత పనయ్యేది. పైగా విత్తనం పొద్దుల్లో ట్రాక్టరును ఎవరు మాత్రం ఎన్నిసార్లు పిలుస్తారు?

అందుకే ఇంకో శుక్రవారం కారుతోనే ఏట్లోకి దిగాడు. ఊరి గట్టు నుంచి నూరు గజాలు కూడా పోలేదు, వెనక చక్రాలు దిగబడ్డాయి. అంబాసిడర్ టైర్లు సన్నం. తిరిగిన కొద్దీ గుంత తీసుకుని లోపలికి పోయాయి. వెనక సీట్లో దాసమ్మ కిటికీ పట్టుకుని ఊపిరి తీస్తోంది. టైము ఎనిమిదిన్నర. పదికల్లా అక్కడ ఉండాలి.

"దిగి నడుస్తా రా" అంది.

"నువ్వు కదలొద్దు."

జాకీ పెట్టాడు. కారు లేవలేదు, జాకీయే ఇసకలోకి దిగింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ దిగింది. చేతులతో ఇసక తోడాడు. గోళ్లు చీలాయి. చివరికి వెనక డిక్కీలో ఉన్న చెక్క పలక తీసి దాని మీద జాకీ పెట్టాడు. ఈసారి జాకీ నిలిచింది, కారు లేచింది. కానీ చక్రం నేల మీద ఆనగానే మళ్లీ కూరుకుపోయింది. మధ్యాహ్నం పోతులయ్య ట్రాక్టరు తెచ్చి కారును ఊరి గట్టుకే లాగాడు. ఆ శుక్రవారం పోయింది. మధ్యాహ్నం దాటాక వస్తే బెడ్డు ఉండదు అని సెంటరులో నర్సు దీపిక ఫోన్లో చెప్పింది. "మంగళవారం మాత్రం తప్పనియ్యొద్దన్నా" అంది, ఆ మాట రెండుసార్లు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని దేవేంద్ర ఆ పలక గురించే ఆలోచించాడు. సన్నటి జాకీ దిగింది. పలక మీద దిగలేదు. చక్రం కింద కూడా అలాంటి పలక ఉండాలి, చక్రంతో పాటు తిరిగే పలక. అంటే టైరు వెడల్పు కావాలి. అన్నం అక్కడే వదిలేసి లేచాడు.

శనివారం తెల్లవారేసరికి కారు నాలుగు రాళ్ల మీద నిలబడి ఉంది. నాలుగు రిమ్ములూ మోటారుసైకిలుకు కట్టుకుని, ఇసకలో బండిని నెట్టుకుంటూ ఏరు దాటి హిందూపురంలో శామ్యూల్ షెడ్డుకు పోయాడు. శామ్యూల్ లేతు మిషను పనిలో చాలా కాలంగా ఉన్న మనిషి. దేవేంద్ర చదువుకునే రోజుల్లో పని నేర్చుకున్నది ఆయన దగ్గరే.

"రిమ్మును నడాన కోసి, రెండంగుళాల పట్టీ ఏసి అతకల్లన్నా. పికప్పు టైరు పట్టల్ల దానికి."

శామ్యూల్ రిమ్మును తిప్పి చూసి కింద పెట్టాడు. "ట్రాలీకైతే చేస్తా. మనుషులు కూచునే బండికి చెయ్యనప్పా. రోడ్డు మీద అతుకు ఇడిస్తే ఏమయితాదో నీకు తెలీదా?"

"తెలుసన్నా."

"మళ్ల?"

"అతుకు ఇడిస్తే ఎప్పుడో ఇడుస్తాది. మంగళవారం తప్పితే అక్క బుధవారం చూడదు."

శామ్యూల్ చేతిలో పని పక్కన పెట్టేశాడు. సాయంత్రం దాకా ఇద్దరూ తలెత్తలేదు. ఒక్కో రిమ్మును రెండుగా కోసి, పట్టీ వంచి, లోపలా బయటా వెల్డింగ్ చేసి, మిషనుకు ఎక్కించి తిప్పారు. శామ్యూల్ సుద్దముక్కను అంచుకు దగ్గరగా పట్టుకుంటే, చుట్టూ సమంగా గీత పడితేనే సరి. నాలుగోది ఒక పక్కకు ఒరిగింది. దాన్ని మళ్లీ కోశారు.

"ముప్పైకి మించి తోలొద్దు" అన్నాడు శామ్యూల్. "ట్యూబు ఏసుకో. గాలి తగ్గించి ఇసకలోకి పో, రోడ్డెక్కినాక నింపుకో. వారానికొక తూరి అతుకులు చూపించు. సుమ్మనే చెప్తాండాననుకోవద్దు."

ఆదివారం ధర్మవరంలో పాత టైర్ల అంగళ్లన్నీ తిరిగాడు. పికప్పు టైర్లు ఒకే సైజువి మూడే దొరికాయి. నాలుగోది ఎంతకూ లేదు. ఒక అంగడి ముందు మెట్టు మీద కూలబడి, ఎండలో, ఎటు పోవాలో తెలియక పది నిమిషాలు అలాగే ఉన్నాడు. అంగడి ముసలాయన లోపల్నుంచి ఒక టైరు దొర్లించుకుంటూ వచ్చాడు. పైన గాట్లు అరిగిపోయాయి గానీ సైజు అదే. దేవేంద్ర దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. బస్సువాళ్లు ఎక్కించుకోకపోతే గూడ్సు ఆటోలో పెనుకొండ షెడ్డుకు తెచ్చి, శనివారం రాత్రే అక్కడ దించిన రిమ్ములకు ఎక్కించాడు. పాత లారీ కమాను కట్టల్లోంచి రెండు పట్టీలు కోయించుకుని కారు వెనక కమాను కట్టలకు కలపడానికి తీసుకున్నాడు. అవి పడితే కారు వెనక భాగం కొంచెం లేస్తుంది.

సోమవారం పొద్దున ఆటో ఏటి గట్టు దగ్గర దింపేసి పోయింది. అక్కడి నుంచి ఒక్కో చక్రాన్నీ చేత్తో దొర్లించుకుంటూ ఇసక దాటించాడు. నాలుగుసార్లు అటూ ఇటూ. చక్రం వెనక తన కాళ్లు పిక్కల దాకా దిగుతున్నాయి. చక్రం మాత్రం పైపైనే దొర్లుతోంది. అది చూసి ఇసకలో నిలబడి ఏడ్చేశాడు. చుట్టూ ఎవరూ లేరు.

ఇంటి ముందు దాసమ్మ మంచంలో దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. ముఖం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి. దేవేంద్ర చక్రాలు బిగించి కారును రాళ్ల మీంచి దించాడు. దించగానే తెలిసిపోయింది. వెనక టైర్లు మడ్‌గార్డు అంచుకు ఒరుసుకుంటున్నాయి. ముందర స్టీరింగు సగం తిప్పగానే టైరు రేకును పట్టేస్తోంది. ముందు చక్రాల బరువు మోసే టోర్షన్ బారు బిగించి ముందు భాగం లేపాడు, వెనక పట్టీలు కలిపాడు. అయినా ఇంకా రెండు వేళ్ల సందు తక్కువైంది.

ఊళ్లో కరెంటు లేదు. హాక్సా బ్లేడు తీసుకుని మడ్‌గార్డు ముందు కూర్చున్నాడు. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఏమి చూస్తాండావు?" అంది దాసమ్మ.

"ఏం లేదు."

"రంగు పోతాదనా?"

బ్లేడు పెట్టి కోయడం మొదలుపెట్టాడు. మీగడ రంగు పెళ్లలు పెళ్లలుగా రాలింది. నాలుగు వంపులూ కోసి, మిగిలిన అంచును సుత్తితో లోపలికి మడిచాడు. పని అయ్యేసరికి కారు పళ్లు ఊడిన నోరులా ఉంది. దాసమ్మ అటు చూడకుండా ముఖం తిప్పుకుంది.

మంగళవారం ఏడు గంటలకు టైర్లలో గాలి సగానికి పైగా తీసేసి ఏట్లోకి దిగాడు. రెండో గేరులో, ఆపకుండా, తిప్పకుండా పొమ్మని తనకు తనే చెప్పుకున్నాడు. దిగబడిన చోటు వచ్చింది. కారు కొంచెం ఊగింది. దాటింది. స్టీరింగు రాయిలా బరువెక్కి భుజాలు లాగేస్తున్నాయి. ఆ గట్టు ఎక్కాక గాని అతను ఊపిరి వదల్లేదు.

పది గంటలకు దాసమ్మ బెడ్డు మీద ఉంది.

అలా పదకొండు వారాలు గడిచాయి. ప్రతి ఆదివారం శామ్యూల్ అతుకులు చూసేవాడు. రెండుసార్లు పగుళ్లు కనబడితే మళ్లీ వెల్డింగ్ చేశాడు. ముందర చక్రాల బేరింగులు ఒకసారి పోయాయి. ప్రతి మంగళవారమూ, ప్రతి శుక్రవారమూ దేవేంద్ర చీకటితోనే లేచి టైర్లలో గాలి చూసుకునేవాడు. ఒక్క రోజు కూడా తప్పలేదు.

పన్నెండో వారం సోమవారం పొద్దున ఏటికి నీళ్లు వచ్చాయి. ఊరిమీద వాన చుక్క లేదు, పైన ఎక్కడో పడింది. మంగళవారం నడుములోతు. ఎవరూ దిగలేదు. పోతులయ్య ట్రాక్టరు దుక్కి బాడుగకు మడకశిర వైపు పోయి అటే చిక్కుకుంది. బుధవారం, గురువారం దేవేంద్ర కర్ర పట్టుకుని గంటగంటకూ లోతు చూసి వచ్చాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా అక్క ఊపిరి ఇంకొంచెం పైకి ఎగదన్నుతూ వినబడేది. ఫోన్లు చేశాడు. పడవ పంపుతామన్నవాళ్లు పంపలేదు.

శుక్రవారం తెల్లవారి మోకాలి లోతు, నడుమ తొడల దాకా.

దేవేంద్ర ఇంజను మీద నీళ్లు చిమ్మకుండా ఫ్యాను బెల్టు పీకేశాడు. పొగగొట్టానికి రబ్బరు పైపు తొడిగి పైకి కట్టాడు. గాలి లోపలికి పీల్చుకునే గొట్టాన్ని కూడా అలాగే ఎత్తి కట్టాడు. దాసమ్మను ఎత్తుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాడు.

"నీకేమన్నా అయితే నేను బతికి ఏమి లాభం రా?" అంది ఆమె, ఒక్కో మాటకూ ఆగుతూ.

"సూదుల చెయ్యి పైకి పట్టుకో అక్కా. నీళ్లు తగలనియ్యొద్దు."

మొదటి సగం ఇసకలాగే పోయింది. నడిమికి వచ్చేసరికి స్టీరింగు తేలికైపోయింది. తిప్పితే తిరుగుతోంది గానీ కారు వినడం లేదు. వెనక భాగం మెల్లగా పక్కకు జరుగుతోంది. దేవేంద్రకు ఒక్క క్షణంలో అర్థమైంది. కారు తేలుతోంది. ఆ వెడల్పు టైర్లలో గాలి. తను ఐదేళ్లు కూర్చుని వెల్డింగ్ చేసిన అడుగు, చుక్క దూరకుండా అంటించిన రబ్బర్లు. ఇసక మీద నిలబెట్టిన చక్రాలే నీళ్లలో కారును పడవ చేశాయి. కింది వైపు, యాభై గజాల దూరంలో, విరిగిన కాజ్‌వే రాళ్ల మీద నీళ్లు తెల్లగా లేస్తున్నాయి.

"అక్కా, నీ పక్క తలుపు తియ్యి."

దాసమ్మ అతని వైపు చూసింది. "దూకమంటాండావా?"

"కాదు. నీళ్లు లోపలికి రానీ. బరువైతేనే నిలుస్తాది. తియ్యి అక్కా."

ఆమె సూదులు గుచ్చే చేతిని పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో పిడి తిప్పి, కాలితో తలుపును తన్నింది. అంతకు ముందు మూడు రోజులుగా ఆ కాలు మంచం మీంచి కిందికి దించలేకపోయిన మనిషి. దేవేంద్ర తన తలుపు కూడా తీశాడు. నీళ్లు ఒక్కసారిగా దూసుకొచ్చాయి. కాళ్లు, సీటు, నడుము. కారు ఇంకా జరుగుతూనే ఉంది. రాళ్ల చప్పుడు వినబడుతోంది. అతను కాలు తీయకుండా అదే గేరులో చక్రాలను తిప్పుతూనే ఉన్నాడు. దేవుడిని కూడా తలచుకోలేదు. తలచుకోవాలని గుర్తుకే రాలేదు.

కింద ఏదో తగిలింది. మళ్లీ తగిలింది. కారు కుంగి ఇసక మీద ఆనింది. చక్రాలు పట్టుకున్నాయి.

గట్టు ఎక్కాక తలుపుల్లోంచి నీళ్లు కాలువల్లా కారాయి. దేవేంద్ర చేతులు స్టీరింగును వదల్లేదు. వదులుదామన్నా వేళ్లు రాలేదు. వెనక దాసమ్మ చేయి ఇంకా పైకే ఉంది, పొడిగా.

సెంటరులో దీపిక ఆమెను చూసి ఒక్క మాట అడగకుండా తడి చీర విప్పించి దుప్పటి కప్పి బెడ్డు ఎక్కించింది. దేవేంద్ర బయట వరండాలో తడి బట్టలతో కూర్చున్నాడు. మధ్యాహ్నం శామ్యూల్ వచ్చాడు. దీపికే ఫోన్ చేసినట్టుంది. కారు చుట్టూ తిరిగి, లోపల సీట్ల మీద ఇసక చూసి, వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నా షెడ్డెనక గది ఉండాది కదప్పా. పాత ఇనుము ఏసేది. తీసేస్తే ఇద్దరు పండుకోవచ్చు."

దేవేంద్ర తడి చొక్కా అంచు పిండుకున్నాడు.

"ఇన్ని ఆదివారాలు వస్తివి. ఒక్కనాడన్నా నోరు తెరిచి అడగలేదేమప్పా?"

"నువ్వు గూడా లేదంటావేమోనని" అన్నాడు దేవేంద్ర. ఆ మాట అనేసి తల వంచుకుని పెద్దగా ఏడ్చాడు. శామ్యూల్ అతని వీపు మీద చేయి పెట్టి, ఏడుపు ఆగేదాకా అలాగే ఉన్నాడు.

ఆ సాయంత్రం శామ్యూల్ భార్య పద్మావతి ఇనుమంతా బయట పడేయించి గది కడిగించింది. దాసమ్మ పద్నాలుగు నెలలు అక్కడే ఉంది. లేతు మిషను రొదకు మొదట నిద్ర పట్టేది కాదు, తర్వాత అది ఆగితే మెలకువ వచ్చేది. వాకిట్లో కూర్చుని పద్మావతికి చెనిక్కాయలు ఒలిచి పెట్టేది. పనికి వచ్చిన వాళ్లతో ఊరి సంగతులు మాట్లాడేది. ఏరు ఎండినాక ఒక్కసారి ఇల్లు చూసి వద్దామని దేవేంద్ర అంటే, "ఆ ఏట్లోకి మళ్ల నన్ను తీసకపోవద్దు. ఇల్లు యాడికీ పోదు" అంది.

ఒక శుక్రవారం డయాలసిస్ మీద ఉండగానే ఆమె గుండె ఆగిపోయింది. దేవేంద్ర వరండాలోనే ఉన్నాడు. దీపిక బయటికి వచ్చి నిలబడిన తీరు చూసి లేచాడు. దాసమ్మను ఏటావలపల్లికి ఆ కారులోనే తెచ్చాడు. ఏరు ఎండి ఉంది. అర మైలు ఇసకా నిదానంగా, ఒక్క కుదుపు లేకుండా దాటించాడు. ఊరి గట్టు దగ్గర జనం నిలబడి ఉన్నారు. కారుకు దారి ఇచ్చి వెనకే నడిచారు.

దేవేంద్ర ఇప్పుడు హిందూపురంలో శామ్యూల్ షెడ్డులోనే పనిచేస్తున్నాడు. మంగళవారం, శుక్రవారం మాత్రం పొద్దున్నే కారు తీసుకుని పరిగి వైపు పోయి, డయాలసిస్‌కు వచ్చే ఇద్దరు ముసలివాళ్లను ఎక్కించుకొచ్చి, సాయంత్రం మళ్లీ వాళ్ల ఊళ్లో దింపి వస్తాడు. వాళ్ల ఊరికి మంచి రోడ్డే ఉంది, బస్సు కూడా ఉంది. ఆ సంగతి శామ్యూల్ ఒకసారి అన్నాడు.

"ఉంటే ఉండనీ అన్నా" అన్నాడు దేవేంద్ర. "ఆ రెండు దినాలూ నాకు పని మీద చెయ్యి ఆడదు."